బొబ్బట్టు వెనక చారు

ఉగాది నాడు బొబ్బట్లకి శనగపప్పు ఉడకబెట్టడంలో ఒక అదను ఉంది. పలుకు రెండు వేళ్ళ మధ్య పెడితే నలగాలి, అలాగని గుజ్జయిపోకూడదు. ఆ అదనులో దింపి చిల్లుల గిన్నెలోకి వారుస్తారు. పప్పు పైన నిలుస్తుంది, చిక్కటి పసుపుపచ్చ నీళ్ళు కిందికి దిగుతాయి. వంట కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల ఆ నీళ్ళని తొట్లోకి వంచబోతుందనగా వెనకనుంచి ఓ గొంతు లేస్తుంది: "ఆ కట్టు పారబోయకే అమ్మాయ్, చారు పెట్టాలి!"

ఆ కట్టులో చింతపండు పులుసు పోసి, చారుపొడి, ఉప్పు, పసుపు వేసి, పూర్ణంలోంచే నిమ్మకాయంత ముద్ద తీసి కలిపి, మరిగాక ఇంగువ పోపు పెడితే కట్టు చారు. పులుపు, కారం, అడుగున ఎక్కడో ఓ తీపి జీర. కోస్తాలో బొబ్బట్లన్నా, తెలంగాణలో బచ్చాలన్నా, సీమలో ఓళిగలన్నా వాటి వెనకాల ఏదో ఒక చారు వస్తూనే ఉంటుంది. ఏడాదిలో అంత నెయ్యి ఒలికే రోజులు నాలుగైదుకి మించవు. అలాంటి రోజునే పప్పు ఉడికిన నీళ్ళకి కూడా లెక్క ఉంటుంది.

ఒకే పొయ్యి మీద ఈ రెండూ ఎలా కుదురుతాయి? వడ్డించేటప్పుడు బొబ్బట్టు మీద నెయ్యి ధారగా పోస్తారు. "చాలు" అంటే ఇంకో గరిటె పడుతుంది. ఆ పోసే చెయ్యే పొద్దున్న కట్టు గిన్నె మీద మూత పెట్టింది. పొదుపంటే పండగ లేని బతుకనీ, పండగంటే పొదుపుకి సెలవనీ మనం అనుకుంటాం. మన పాత పిండివంటల్ని కొంచెం దగ్గర్నుంచి చూస్తే నాకు వేరేలా తోస్తుంది. అవి పొదుపుని పక్కకి నెట్టి పుట్టినవి కావు. ఆ పొదుపింట్లోనే, ఆ చేతుల్లోనే పుట్టినవి.

వడ్ల గింజ సంగతే చూడండి. దంచితే ఊక వచ్చింది, అది పొయ్యిలోకి పోయింది. తవుడు, చిట్టు గొడ్ల దాణాలోకి. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి. వార్చిన గంజి కొంత ఉప్పేసుకుని తాగడానికి, కొంత నూలు చీరలకి పెట్టడానికి. రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి చద్దన్నం. కుండలో గంజి పోసి పులియనిస్తే తరవాణి. ఇక మిగిలినవి దంపుళ్ళలో విరిగిన నూకలు. అవి జావకీ, ఉప్మాకీ, చవితి వస్తే ఉండ్రాళ్ళకీ పనికొచ్చాయి. అందరికంటే ముందు పూజ అందుకునే దేవుడికి మనం పెట్టే నైవేద్యం ఇంతే: బియ్యపు రవ్వ, గుప్పెడు శనగపప్పు, ఆవిరి. మూకుడు పెట్టే పనే లేదు. ఆయన ఎప్పుడూ నామోషీ పడినట్టు లేదు.

మినుములదీ అదే దారి. గారెలకి పొట్టుపప్పు నానబోసి పిసికి కడిగితే పొట్టు పైకి తేలుతుంది. గారెలు ఆ పూటే అయిపోతాయి. పొట్టు మాత్రం ఉప్పూ కారం కలిపించుకుని, ఎండలో ఎండి, పొట్టు వడియాలై డబ్బాలో కూర్చుని, కూర లేని రోజు పప్పు పక్కకి దిగుతుంది. నువ్వులు గానుగకి వెళితే నూనె ఒక దారిన, తెలగపిండి ఒక దారిన ఇంటికొస్తాయి. ఆ పిండితో చేసిన కూర తింటే పాలు పడతాయని బాలింతలకి ప్రత్యేకంగా పెట్టేవాళ్ళు. బీరకాయ కూరకి, బీరపొట్టు పచ్చడికి. అరటి గెల కోసేశాక బోదెలోపలి దూట పెరుగుపచ్చడికి. వెన్న కాచేటప్పుడు నాలుగు మునగాకు రెబ్బలు వేస్తే అవి నేతిలో కరకరలాడతాయి. నెయ్యి వంచేశాక అడుగున మిగిలే ఎర్రటి గసిలో ఇంత అన్నం కలిపితే ఆ ముద్ద కోసం పిల్లలు కొట్టుకుంటారు. నెయ్యి కంటే గసే రుచని తేల్చిన న్యాయమూర్తులు మా ఇంట్లో నలుగురుండేవారు.

ఇదంతా నోరు కట్టుకోవడమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నోరు కట్టుకునేవాడు పిసినారి. పిసినారి సరుకుని దాస్తాడు, పొదుపరి దాన్ని ఆఖరి చుక్కదాకా వాడతాడు. పిసినారి డబ్బాలో పప్పుకి పురుగు పడుతుంది. పొదుపరి ఇంట్లో అదే పప్పు పొద్దున బొబ్బట్టయి, మధ్యాహ్నం చారయి, పూర్ణం ఇంకా మిగిలితే మర్నాడు బూరెయి కనిపిస్తుంది.

పండగనాడూ పాత మొగుడేనా అని మనకో సామెత. వంటింట్లో మాత్రం పండగనాడూ పాత బియ్యమే, పాత బెల్లమే, పాత పప్పే. అవతారం ఒక్కటే కొత్తది. మన పండగల క్యాలెండర్ వేసినవాళ్ళు ఎవరోగానీ ఇంటి ఖర్చు తెలిసినవాళ్ళు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం, చలిమిడి. పెసరపప్పు నానితే చాలు, బెల్లం కరిగితే చాలు, తడిపిండిలో బెల్లం కలిస్తే చాలు. కల్యాణం జరిగే రోజున పొయ్యి వెలిగించకుండానే నైవేద్యం సిద్ధం. నాగుల చవితికి నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి. అట్లతద్దికి పేరులోనే ఉన్నట్టు అట్లు.

బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు వరసగా చదివితే ఓ మధ్యతరగతి ఇల్లాలి సామాన్ల జాబితాలా ఉంటుంది. అటుకులు ఓ రోజు. ముద్దపప్పు ఓ రోజు. నానబియ్యం ఓ రోజు. అట్లు ఓ రోజు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ: అమ్మవారు అలిగింది కాబట్టి ఆ రోజు నైవేద్యమే ఉండదు. వరస పండగ మధ్యలో వంటింటికి ఓ రోజు సెలవు ఇప్పించిన ఆ అలక ఎవరి ఆలోచనో గానీ ఆమెకి దండం పెట్టాలి. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మకి మలీద ముద్దలు: కాల్చిన రొట్టెల్ని చిదిమి, బెల్లం, నెయ్యి వేసి పిసికి కట్టిన ఉండలు. పీర్ల పండగకి ఊళ్ళో పీర్లకి పెట్టేదీ మలీదే. రొట్టె ముక్కకి ఇంత బెల్లం తగిలితే అది ఏ దేవుడి ముందైనా నిలబడగలదు.

హైదరాబాద్ పెళ్ళి విందులో డబల్ కా మీఠా వడ్డించినప్పుడు కూడా నాకు ఆ మలీదే గుర్తొస్తుంది. డబల్ రోటీ అంటే బ్రెడ్డు. తాజా బ్రెడ్డు పాలూ పాకం తగిలితే చితికిపోతుంది. నిన్నటిది, కాస్త ఎండినది నేతిలో వేగి నిటారుగా ఉండి, వాటిని ఇష్టంగా తాగుతుంది. ఖుబానీ కా మీఠాలో పని ఇంకా నాజూకు. ఎండు ఖుబానీలు నానబెట్టి, గింజలు తీసి, పండుని ఉడికిస్తారు. తీసిన గింజల్ని పారేయరు. ఒక్కొక్కటీ పగలగొట్టి లోపలి పప్పు బయటికి తీస్తారు. తెల్లటి బాదం పలుకులాంటి ఆ పప్పే ఆఖర్న పైన అలంకారం. నవాబుల ఊరి మిఠాయికి కిరీటం అందులోని గింజే!

ఈ వంటలన్నిటికీ ఇంకో లెక్క కూడా ఉంది, కాలం లెక్క. సంక్రాంతికి అరిసెలు ఎందుకంటే అప్పుడే కొత్త పంట ఇంటికొస్తుంది, అప్పుడే చెరకు గానుగలు ఆడతాయి, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు పేరుకుంటాయి. చలికాలం కాబట్టి నువ్వులు ఒంటికి మంచివి. దొరికే కాలంలో దొరికేవాటితోనే చేసుకుని, దొరకని కాలానికి డబ్బాలో పెట్టుకున్నారు. బెల్లం పాకం పిండిలోని తడిని పట్టేసుకుంటుంది, మిగిలిన తడిని మూకుడు తీసేస్తుంది. అందుకే అరిసె నెల్లాళ్ళున్నా చెడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో అది ఫ్రిజ్ పని చేసింది.

అరిసెలు చేసేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూస్తే ఇందులో ఎంత లెక్క ఉందో తెలుస్తుంది. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. ఓడ్చి, తడి ఆరకముందే దంచాలి. జల్లించిన పిండిని గాలి తగలకుండా అదిమి మూత పెట్టాలి. పొడిపిండితో అరిసె రాదు. దుకాణంలో దొరికే బియ్యప్పిండి పొట్లంతో డల్లాస్‌లోనో సిడ్నీలోనో ప్రయత్నించినవాళ్ళంతా చివరికి బియ్యం నానబోసుకుని మిక్సీ దగ్గరికే రావాలి. కిలో బియ్యానికి ఇంచుమించు ముప్పావు కిలో బెల్లం. కరిగించి, వడకట్టి, పాకం పట్టాలి. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు. పాకం చుక్క ఆ నీళ్ళలో వేసి వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతగా ఉంటే మూకుట్లో విచ్చిపోతుంది, ముదిరితే పళ్ళకి పరీక్ష. ఆ ఉండ కట్టిన క్షణంలో పొయ్యి మీంచి దింపి ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలియతిప్పాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తర్వాత నువ్వులద్ది, అరటాకు మీద తట్టి, నూనెలో వేసి, పైకి తేలి ఎర్రబడ్డాక తీసి, రెండు అరిసెల చెక్కల మధ్య పెట్టి ఒత్తాలి. అరిసె తాగిన నూనె ధారకట్టి తిరిగి మూకుట్లో పడుతుంది. ఆ ఒత్తడం రుచికీ, నిలవకీ, నూనె డబ్బాకీ మూడింటికీ మేలు.

ఇక్కడిదాకా వచ్చాక ఆగి ఒక ప్రశ్న వేసుకోకపోతే ఇదంతా పాతకాలానికి కొట్టే భజన అవుతుంది. బియ్యానికి లెక్క ఉంది, నూనెకి లెక్క ఉంది, పప్పు నీళ్ళకి కూడా లెక్క ఉంది. ఆ తెడ్డు తిప్పిన చేతికి ఏ పద్దులో లెక్క రాశారు?

ఎక్కడా రాయలేదు. పొట్టు వడియం చవకే, ఎందుకంటే పొట్టు పిసికి, ఉప్పూ కారం కలిపి, మేడమీద పెట్టి, కాకుల్ని తోలి, సాయంత్రం ఎత్తిపెట్టినామె పూట కూలి సున్నా. ఖుబానీ గింజలు పగలగొట్టే వేళ్ళకి కూలి సున్నా. మన వంటింటి పొదుపు సరుకుని ఆదా చేసి మనిషిని ఖర్చు పెట్టింది. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే.

ఈ సంగతి ఐదొందల ఏళ్ళ కిందటే ఒక రాజుగారి కంట పడింది. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి వానాకాలపు భోజనం వర్ణించాడు. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవిలో ఎండబెట్టినవి వానలో తినడమన్న పొదుపు అప్పటికే ఉందన్నమాట. ఆ వర్ణనలో నన్ను పట్టి ఆపేది వంటకాల జాబితా కంటే పొయ్యిలోది. ముసురుకి కట్టెలు తడిసిపోయాయి. అందుకని భార్య కళ్ళలోకి పొగ పోకుండా కొబ్బరి పొరియలు పెట్టి వండుతోంది. చక్రవర్తి అయినవాడు విస్తరి మీంచి కళ్ళెత్తి పొయ్యి ముందున్నామె కళ్ళు చూశాడు. ఆ తర్వాత చాలా శతాబ్దాలు మనం విస్తరే చూస్తూ కూర్చున్నాం. పొగ పెద్ద ఎత్తున దిగిపోవడానికి గ్యాసు రావాలి. పల్లెల్లో పేద ఆడవాళ్ళకి కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయింది 1999లో.

మా అత్తగారిది కరీంనగర్ వైపు. సంక్రాంతికి సకినాలు చుట్టడంలో ఆవిడ పెట్టింది పేరు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపి, పరిచిన గుడ్డ మీద వేళ్ళ సందులోంచి పిండి మెలితిప్పుతూ వలయం మీద వలయం వేసుకుంటూ పోతారు. అచ్చూ లేదు, యంత్రమూ లేదు. నాకు రెండు చుట్లయ్యేసరికి పిండి తెగిపోయేది. ఇంతింత ఎప్పటికయ్యేను అని నేను నీరసపడితే ఆవిడ నవ్వేది. "ఒక్కదాన్ని చుడ్తే ఎప్పటికైతయ్ బిడ్డా? నలుగురం కూసుంటే ముచ్చట్లల్లనే అయిపోతయ్." వాడలో ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. వంతులు. మగవాళ్ళు రారా అని అడిగాను. "ఎందుకు రారు? తినేటప్పుడు అస్తరు గదా!"

ఆ వంతుల్లోని సుఖం నేను కాదనను. పండగ ముందు ఆ నాలుగు రోజులు ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి దొరికిన నాలుగు రోజులు కూడా. అయినా కష్టాన్ని పంచుకోవడం వేరు, కష్టానికి విలువ కట్టడం వేరు. ముక్కలైన సకినం, మాడిన అరిసె, చల్లారిన గారె ఎవరి వాటాకి వచ్చేవో అందరికీ తెలుసు. పొయ్యి దగ్గర కూర్చున్నామె చివర తినేది, మిగిలినవి తినేది, దానికి త్యాగమని పేరు. వస్తువు పొదుపు ఒకటి, నిప్పు పొదుపు ఇంకొకటి, తన ఒంటిని పొదుపు చేసుకోవడం మూడోది. మొదటి రెండూ మనకి ఆస్తి. మూడోది ఆ ఆస్తి మీద ఉన్న అప్పు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పొదుపుని సుగుణమని పొగిడేది కాస్తో కూస్తో ఉన్నవాళ్ళే. లేనివాడు పొదుపుగా వండుకుంటే దానికి లేమి అనే పేరు తప్ప ఇంకోటి లేదు. గంజిలోకి ఉప్పు లేక ఏడుస్తుంటే పాలలోకి పంచదార అడిగినట్టని మనవాళ్ళు ఊరికే అనలేదు. తెలంగాణలో, సీమలో మెట్ట ఊళ్ళ పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళ చిన్నతనంలో పండగ మిఠాయి ఏమిటని. చాలామంది అరిసె అనరు, బూరె అనరు. "వరన్నం" అంటారు. మిగతా రోజులన్నీ జొన్న సంకటి, సజ్జ రొట్టె, కొర్ర అన్నం. తెల్లటి వరన్నం విస్తట్లో పడితే అదే పండగ. ఆ అన్నంలో బెల్లం పడి పరమాన్నమైతే ఇక చెప్పేదేముంది? 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చినప్పుడు మారింది కడుపు ఒక్కటే కాదు, క్యాలెండర్ కూడా. పండగన్నం రోజన్నమైంది. ఆ తర్వాత నలభై ఏళ్ళకి వచ్చిన 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. తాతలు విడిచి ఊపిరి పీల్చుకున్న కొర్రల్ని మనవలు అందంగా ప్యాక్ చేసిన సంచుల్లో, బియ్యానికి రెండింతల ధర పెట్టి కొనుక్కుంటున్నారు. పంచదార వచ్చిన కొత్తలో బెల్లం నాటు సరుకై వెనక్కి పోయింది. ఇవాళ మంచి బెల్లం ధర పంచదారని దాటిపోయింది. పొదుపు వంటకి ఫ్యాషన్ వంటకి తేడా ఏమిటంటే, రెండోదాంట్లో కావాలంటే మానేయొచ్చు.

2015 సంక్రాంతికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేషన్ కార్డున్న ఇళ్ళకి ఒక సంచి పంచింది. అందులో శనగపప్పు, కందిపప్పు, బెల్లం, గోధుమపిండి, పామాయిలు, చిన్న నెయ్యి పొట్లం. రాజకీయం సంగతి పక్కన పెట్టి ఆ జాబితా ఇంకోసారి చదవండి. అందులో బొబ్బట్టు ఉంది. బియ్యం, డబ్బు, పథకాలు అన్నీ అయ్యాక కూడా, పండగంటే ఇంట్లో పొయ్యి మీద ఓ తీపి ఉడకాలని ఎవరికో గుర్తుంది. సరుకు మాత్రమే ఇవ్వగలరు, పూర్ణం రుబ్బే చెయ్యి సంచిలో రాదు కదా!

ఆ చేతికి ధర కట్టే పని చివరికి బజారు చేసింది. ఏ ఊరెళ్ళినా స్వగృహ అనో, హోమ్ ఫుడ్స్ అనో బోర్డులు. లోపల పది మంది ఆడవాళ్ళు అరిసెలు ఒత్తుతుంటారు. ఇంట్లో చేసుకోవడం మానేశామని దిగులుపడే వ్యాసాలు ఏటా సంక్రాంతికి వస్తాయి. నాకంత దిగులు లేదు. అరిసె ఒత్తే పనికి కూలి దొరికింది ఆ బోర్డుల కిందే. కూలి సరిపోతోందా అన్నది అడగాల్సిన ప్రశ్నే, కానీ సున్నా కంటే ఎక్కువ.

ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తీయడం చూసినప్పుడు ఆ ధర న్యాయమేనని ఇంకా గట్టిగా అనిపించింది. బోర్లించిన కుండ, కింద ఎండాకు మంట. బియ్యపు పిండి నీళ్ళు పాలకంటే పల్చగా ఉంటాయి. అందులో ముంచిన గుడ్డని కుండ వీపు మీంచి ఒక్క ఊపులో లాగుతారు. చెయ్యి దాటిన చోట అప్పటికే రేకు లేచి ఉంటుంది, అవతలి వెలుగు కనబడేంత పల్చన. మహా అయితే ఓ చెంచా బియ్యం. పైన అద్దే నెయ్యి, బెల్లంపొడి తీసేస్తే సరుకు విలువ పైసల్లో ఉంటుంది. మిగతాదంతా చెయ్యి. ఆ చేతికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తక్కువ బియ్యంతో ఎక్కువ తీపి చేయడమన్న కళ అంతకంటే పల్చబడలేదు.

మరి ఇవాళ మన ఇళ్ళలో ఏం మిగిలింది? సరుకుకి కరువు లేదు. పండక్కి కాజూ కత్లీ డబ్బా ఒకరింటి నుంచి ఒకరింటికి, అక్కడినుంచి ఇంకొకరింటికి విప్పకుండానే తీర్థయాత్ర చేస్తుంది. ఫ్రిజ్ వచ్చింది కాబట్టి మిగిలింది మర్నాటికి దాస్తాం, మూడో రోజు అపరాధభావం లేకుండా పారేస్తాం. తీపి రోజూ దొరుకుతుంది కనక పండగ నాటి తీపికి పెద్ద మర్యాద లేదు. పైగా షుగరు. పూర్వం తీపికి కాపలా తిథి ఉండేది, ఇప్పుడు గ్లూకోమీటరు ఉంది. తిథే నయం, నెలకోసారైనా దానంతటది తలుపు తీసేది.

నేను వెనక్కి తెచ్చుకోవాలనుకునేది అరిసెల రోజుల్ని కాదు. పిండి కొద్దీ రొట్టె అన్న ఆ చూపుని. చేతిలో ఏదున్నా "నీలో ఇంకా ఏముంది?" అని అడిగే అలవాటుని. ఆనపకాయ తొక్కు పచ్చడికి పనికొస్తుందా, మిగిలిన గారెలు పెరుగులో పడితే ఆవడలవుతాయా, బూరెల తోపు మిగిలితే రేపటికి నాలుగట్లు వస్తాయా అన్న ఆలోచనకి డబ్బు ఖర్చు లేదు, పెద్ద శ్రమా లేదు. సరుకు మీద గౌరవం ఉంటే చాలు. ఆ గౌరవమే పండగ నాడు చెయ్యి తిరగేసి ధారగా పోయమంటుంది. ఏడాదంతా చుక్క లెక్కపెట్టిన ఇంట్లోనే ఆ ధారకి అర్థం ఉంటుంది. రోజూ ఒలికే ఇంట్లో ఆ ధార ఎవరికీ కనబడదు.

మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఒక ఒప్పందం నడుస్తోంది. పండక్కి ఇంట్లో చేసేది ఒక తీపి, ఒక కారం. మిగతావి కావాలంటే బోర్డున్న దుకాణం ఉంది. ఇంట్లో చేసేదాంట్లో అందరికీ వంతు ఉంటుంది: పిండి జల్లించడం ఒకరిది, తెడ్డు తిప్పడం ఒకరిది, చెక్కల మధ్య ఒత్తడం భుజబలం ఉన్నవాళ్ళది. మా ఇంట్లో భుజబలం ఉన్నవాళ్ళంతా మొదటి ఏడాది ఫోన్లు వచ్చాయని బయటికి నడిచారు. ఒత్తనివాళ్ళకి డబ్బా తెరిచేది లేదని చెప్పాక సిగ్నల్ లోపలే బాగా రావడం మొదలైంది. అరిసెల ఆకారం ఇప్పుడు గుండ్రమని చెప్పలేం. నిలవ ఉండటం లేదన్నది నిజమే. నిలవ ఉంచే అవకాశం ఇవ్వడం లేదు.

గారెల రోజున ఇంకో నియమం పెట్టుకున్నాం. మూకుడు దగ్గర ఒకరే చివరిదాకా నిలబడరు. రెండు వాయలు తీసినవాళ్ళు లేచి వచ్చి విస్తట్లో కూర్చోవాలి, తిన్నవాళ్ళు లేచి మూకుడు దగ్గరికి వెళ్ళాలి. తింటే గారెలే తినాలని పెద్దలు అన్నారు. దానికి ఒక్క మాట చేర్చుకోవాలి: పప్పు రుబ్బినవాళ్ళు కూడా వేడిగా ఉన్నప్పుడే తినాలి.